బిజినెస్ ఉన్నవాళ్లు లింక్డ్ఇన్ ప్రొఫైల్‌ని ఎలా మార్చుకోవాలి? మా బావ ప్రొఫైల్‌తో స్టెప్ బై స్టెప్

ఈ సైట్‌లో నేను ఎప్పుడూ ఫోన్లు, లాప్‌టాప్‌లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తుంటా. ఈసారి ఒక యాప్ గురించి రాస్తున్నా. మన అందరి ఫోన్లలో ఉంటుంది, కానీ ఉద్యోగం మారాలి అనిపించినప్పుడు తప్ప ఎవరూ ఓపెన్ చెయ్యరు. లింక్డ్ఇన్.

మా అక్క వాళ్లాయన, అంటే మా బావకి, కూకట్‌పల్లిలో లాప్‌టాప్ రెంటల్, సర్వీస్ బిజినెస్ ఉంది. డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగం మానేసి 2018లో మొదలుపెట్టారు. సికింద్రాబాద్ సీటీసీలో రిఫర్బిష్డ్ లాప్‌టాప్‌లు కొని, ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ మార్చి, చిన్న ఆఫీసులకి నెలకింత అని అద్దెకి ఇస్తారు. పాడైతే ఆయనే వెళ్లి బాగు చేస్తారు. షాపులో ఇంకో ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. 2025 జూన్‌లో ఆయన పెద్ద కస్టమర్ ఒకరు ఆఫీస్‌ని వేరే ఊరికి మార్చేశారు. అద్దెకిచ్చిన 40 లాప్‌టాప్‌లు ఒకే వారంలో వెనక్కి వచ్చేశాయి. షాపు వెనక గదిలో అట్టపెట్టెల్లో పెట్టాం. వాటి కోసం తీసుకున్న లోన్ ఈఎంఐ మాత్రం ప్రతి నెలా 5వ తారీకున కట్ అవుతూనే ఉంది.

జులైలో మాదాపూర్‌లో ఒక స్టార్టప్‌కి 30 లాప్‌టాప్‌లు కావాలంటే బావ వెళ్లి మాట్లాడారు. రేటు కుదిరింది, డెమో మెషీన్ కూడా ఇచ్చి వచ్చారు. తర్వాత వాళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. బావ నాలుగుసార్లు ఫోన్ చేస్తే చివరికి అక్కడి అడ్మిన్ మేడమ్ అసలు సంగతి చెప్పారట. "సార్, మీ లింక్డ్ఇన్ చూశాం. మీరు జాబ్ వెతుక్కుంటున్నట్టుంది కదా. రేపు మీరు బిజినెస్ మూసేస్తే మా మెషీన్లకి సర్వీస్ ఎవరు చేస్తారని మా ఫైనాన్స్ వాళ్లు అడుగుతున్నారు."

ఆ రోజు రాత్రి బావ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, నాకు లింక్డ్ఇన్‌లో అకౌంట్ ఉందా?" అని అడిగారు.

ఉంది. 2013లో ఓపెన్ చేసింది. ఫొటో ఎవరిదో పెళ్లిలో దిగింది, పక్కన మా అక్క భుజం సగం కనిపిస్తోంది. పేరు కింద "డెస్క్‌టాప్ సపోర్ట్ ఇంజనీర్, సీకింగ్ న్యూ ఆపర్చునిటీస్". ఫొటో చుట్టూ ఆకుపచ్చ రింగ్, దాని మీద "ఓపెన్ టు వర్క్". 2020 లాక్‌డౌన్ అప్పుడు ఆయన కస్టమర్లు ఎక్కువగా అమీర్‌పేట కోచింగ్ సెంటర్లే. అవన్నీ మూతపడ్డాయి. ఇంక ఉద్యోగమే గతి అనుకుని ఒక రాత్రి ఆ రింగ్ పెట్టుకున్నారట. అక్కకి కూడా చెప్పలేదు. తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల లాప్‌టాప్‌లకి గిరాకీ వచ్చింది, ఆయన ఆ సంగతే మర్చిపోయారు. ఐదేళ్లు ఆ రింగ్ అలాగే ఉంది.

ఆగస్టులో రెండు ఆదివారాలు కూర్చుని ఆ ప్రొఫైల్ మొత్తం మార్చాం. ఏం చేశామో, నేను ఎక్కడ తప్పు చేశానో రెండూ చెప్తా. మీకు టైలరింగ్ యూనిట్ ఉన్నా, ఇంటీరియర్స్ చేస్తున్నా, ఆఫీసులకి టిఫిన్లు సప్లై చేస్తున్నా దాదాపు ఇవే పనులు.

అసలు ఇబ్బంది ఎక్కడుంది?

మనలో చాలామంది లింక్డ్ఇన్ ప్రొఫైల్‌ని బీటెక్ ఫైనల్ ఇయర్‌లోనో, మొదటి ఉద్యోగంలోనో చేసుకున్నాం. అందుకే అది రెజ్యూమె లాగే ఉంటుంది. చదువు, స్కిల్స్, ఏ కంపెనీలో ఎన్నేళ్లు. హెచ్‌ఆర్ వాళ్లకి అది చాలు. కానీ డబ్బు ఇచ్చి మీ దగ్గర పని చేయించుకునే మనిషి అదే పేజీకి వస్తే, వాళ్ల మనసులో ఉండే ప్రశ్నలు వేరు. ఈయన నిజంగా ఈ పని చేస్తారా? మా ఏరియాకి వస్తారా? మాలాంటి వాళ్లకి ఇంతకుముందు చేశారా? రేపు ఫోన్ ఎత్తుతారా? పాత రెజ్యూమెలో ఈ నాలుగింటికీ జవాబు ఉండదు. పైగా బావ విషయంలో లాగా తప్పు జవాబు ఉంటుంది.

లింక్డ్ఇన్ ఎవరు చూస్తారులే, మా కస్టమర్లందరూ వాట్సాప్‌లోనే ఉంటారు అని బావ కూడా అన్నారు. ఇంటికి అమ్మే వ్యాపారమైతే నిజమే. ఆఫీసులకి అమ్మే వ్యాపారమైతే, మీకు చెక్ రాసే ముందు ఎవరో ఒకరు మీ పేరు గూగుల్‌లో కొడతారు. పబ్లిక్ ప్రొఫైల్ ఆన్‌లో ఉంటే ఆ రిజల్ట్స్‌లో లింక్డ్ఇన్ పేజీ చాలాసార్లు పైనే వస్తుంది.

మార్చే ముందు ఒక పని

ముందు సెట్టింగ్స్‌లో "విజిబిలిటీ" కిందకి వెళ్లండి. ప్రొఫైల్‌లో ఉద్యోగం, చదువు లాంటివి మారితే మీ నెట్‌వర్క్‌కి చెప్పే ఆప్షన్ అక్కడ ఉంటుంది. పని అయ్యేదాకా దాన్ని ఆఫ్ చేసుకోండి. లేకపోతే మీరు సగం రాసి వదిలేసిన మార్పులకి కూడా పాత కొలీగ్స్ నుంచి "కంగ్రాట్స్" మెసేజ్‌లు వస్తాయి.

తర్వాత ఆ ఆకుపచ్చ రింగ్. యాప్‌లో పైన మీ ఫొటో మీద నొక్కి ప్రొఫైల్‌లోకి వెళ్తే, పేరు కింద "ఓపెన్ టు వర్క్" బాక్స్ ఉంటుంది. పెన్సిల్ గుర్తు నొక్కి, కిందికి వెళ్లి ప్రొఫైల్ నుంచి డిలీట్ చేయాలి. ఇందులో రెండు రకాలు ఉన్నాయి, అందరికీ కనిపించేది ఒకటి, రిక్రూటర్లకి మాత్రమే కనిపించేది ఇంకొకటి. రింగ్ కనపడట్లేదని వదిలేయకండి, రెండోది ఆన్‌లో ఉందేమో చూసుకోండి. బావకి ఇది తీసేయడానికి అర నిమిషం పట్టింది. 30 లాప్‌టాప్‌ల ఆర్డర్ పోయింది దాని వల్లే.

ఫొటో, బ్యానర్

ఫొటోకి స్టూడియోకి వెళ్లక్కర్లేదు. మన సైట్ చదివేవాళ్ల దగ్గర మంచి ఫోన్లే ఉంటాయి. సెల్ఫీ కెమెరా వద్దు, వెనక కెమెరాతో ఇంకొకరి చేత తీయించుకోండి. ఉదయం పూట కిటికీకి ఎదురుగా నిలబడితే చాలు, ట్యూబ్‌లైట్ కింద తీస్తే కళ్ల కింద నీడలు వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ ఓకే, కానీ బ్యూటీ ఫిల్టర్ పూర్తిగా ఆఫ్ చేయండి. కస్టమర్ మిమ్మల్ని ఎదురుగా చూసినప్పుడు వేరే మనిషిలా అనిపించకూడదు కదా. లింక్డ్ఇన్ ఫొటోని గుండ్రంగా కట్ చేస్తుంది, అందుకని తల చుట్టూ కొంచెం ఖాళీ వదలండి. బావ ఫొటోని షాపులో వర్క్‌బెంచ్ దగ్గర నా ఫోన్‌తోనే తీశా.

బ్యానర్ అంటే ఫొటో వెనక ఉండే పొడవాటి పట్టీ. చాలామందికి అక్కడ లింక్డ్ఇన్ ఇచ్చిన డిఫాల్ట్ డిజైనే ఉంటుంది. దాని సైజు 1584 బై 396 పిక్సెల్స్. క్యాన్వాలో రెడీమేడ్ టెంప్లేట్లు ఉన్నాయి. ఒక్క జాగ్రత్త. ప్రొఫైల్ ఫొటో బ్యానర్ ఎడమవైపు కింది భాగాన్ని కప్పేస్తుంది. నేను మొదట షాపు పేరు అక్కడే పెట్టా, ఫోన్‌లో చూస్తే బావ తల వెనక దాక్కుంది. కుడివైపుకి జరిపి, మూడే మాటలు ఉంచాం. లాప్‌టాప్ రెంటల్, సర్వీస్, హైదరాబాద్. కింద రెండు ఫోన్ నంబర్లు. నంబర్ బ్యానర్‌లో ఎందుకంటే, కాంటాక్ట్ ఇన్ఫోలో పెట్టిన నంబర్ మీతో కనెక్ట్ కాని వాళ్లకి మామూలుగా కనిపించదు. కొత్త కస్టమర్ ఎప్పుడూ కనెక్ట్ కానివాడే. అయితే ఇది అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఇంటి నంబర్ కాదు, షాపు నంబరే పెట్టండి.

హెడ్‌లైన్, దీని మీదే ఎక్కువ టైమ్ పెట్టండి

పేరు కింద వచ్చే లైనే హెడ్‌లైన్. 220 అక్షరాల దాకా రాయొచ్చు. మీరు ఎక్కడ కామెంట్ పెట్టినా, ఎవరికి రిక్వెస్ట్ పంపినా, సెర్చ్‌లో ఎక్కడ కనిపించినా ఫొటో, పేరుతో పాటు ఇదే వెళ్తుంది. ఫోన్‌లో అయితే మొదటి కొన్ని మాటలే కనిపించి మిగతాది కట్ అయిపోతుంది. అందుకే మీరు ఏం అమ్ముతారో మొదటి నాలుగైదు మాటల్లోనే వచ్చేయాలి.

బావ "ఫౌండర్ అండ్ సీఈవో" అని మొదలుపెడదాం అన్నారు. ముగ్గురున్న షాపుకి సీఈవో ఏంటి బావా అంటే నవ్వేశారు. ఆఫీసులకి అమ్మేటప్పుడు నాకు తెలిసి "ఓనర్" అనే మాటకే విలువ ఎక్కువ. ఓనర్ అంటే ఫోన్ చేస్తే నిర్ణయం తీసుకోగల మనిషి అని అర్థమవుతుంది.

ఏ మాటలు వాడాలో తెలుసుకోవడానికి మా ఆఫీస్‌లో అడ్మిన్ చూసే అక్కని అడిగా. "లాప్‌టాప్‌లు అద్దెకి కావాలంటే సెర్చ్‌లో ఏం కొడతారు?" అని. "లాప్‌టాప్ రెంటల్ హైదరాబాద్ అనే కొడతా, ఇంకేం కొడతా?" అంది. నేనైతే అప్పటికి "ఎండ్ టు ఎండ్ ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సొల్యూషన్స్" అని రాసి పెట్టుకున్నా. అలా ఎవరూ వెతకరు. కొట్టేశా. చివరికి ఇలా వచ్చింది, అసలుది ఇంగ్లీష్‌లో ఉంది, ఇక్కడ తెలుగులో చెప్తున్నా: "హైదరాబాద్ ఆఫీసులకి లాప్‌టాప్ రెంటల్, రిపేర్. 5 నుంచి 50 లాప్‌టాప్‌ల వరకు, నెలవారీ అద్దె. ఓనర్, 2018 నుంచి."

మీరు కూడా మీ పాత కస్టమర్లలో ఒకరికి ఫోన్ చేసి, "నాలాంటి వాడు కావాలంటే గూగుల్‌లో ఏం టైప్ చేస్తారు?" అని అడగండి. వాళ్లు చెప్పిన మాటే హెడ్‌లైన్‌లో పెట్టండి. లింక్డ్ఇన్ యాప్‌ని ఇప్పుడు తెలుగులో కూడా వాడుకోవచ్చు, కానీ కొనేవాళ్లు వెతికేది ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే కాబట్టి ప్రొఫైల్ ఇంగ్లీష్‌లో ఉంటేనే మంచిది. భయపడకండి, సింపుల్ ఇంగ్లీష్ చాలు.

అబౌట్ సెక్షన్‌లో నేను చేసిన తప్పు

అబౌట్‌లో 2600 అక్షరాల వరకు రాయొచ్చు. మొదటి మూడు నాలుగు లైన్లే బయటికి కనిపిస్తాయి, మిగతాది "సీ మోర్" నొక్కితేనే. నేను ఏం చేశానంటే, ఒక ఏఐ టూల్‌కి నాలుగు పాయింట్లు ఇచ్చి రాయించా. ఇంగ్లీష్ అద్భుతంగా వచ్చింది. "ప్యాషనేట్", "ట్రాన్స్‌ఫార్మింగ్", "సీమ్‌లెస్" అన్నీ ఉన్నాయి. పేస్ట్ చేసి, పని అయిపోయింది అనుకున్నా.

మర్నాడు బావ చదివి, "బాగుంది కానీ ఇది చదివి ఎవరైనా ఫోన్ చేసి, సీమ్‌లెస్ అంటే ఏంటండీ అని అడిగితే నేనేం చెప్పాలి?" అన్నారు. కరెక్టే. ప్రొఫైల్ ఒక భాషలో మాట్లాడి, ఫోన్ ఎత్తిన మనిషి ఇంకో భాషలో మాట్లాడితే మొదటి కాల్‌లోనే నమ్మకం పోతుంది. మొత్తం తీసేశాం.

రెండోసారి ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, "బావా, నేను కొత్త కస్టమర్‌ని. మీరేం చేస్తారో చెప్పండి" అన్నా. ఆయన మాట్లాడింది రాసుకుని, అదే ఇంగ్లీష్‌లో పెట్టాం. మొదటి లైన్లు దాదాపు ఇలా ఉన్నాయి: "మీ ఆఫీసుకి పది లాప్‌టాప్‌లు రెండు రోజుల్లో కావాలా? హైదరాబాద్‌లో నెల అద్దెకి ఇస్తాం. పాడైతే అదే రోజు మనిషి వస్తాడు, అక్కడే బాగు కాకపోతే వేరే లాప్‌టాప్ ఇచ్చి వస్తాడు."

ఇక్కడ బావ మళ్లీ ఆపారు. "అదే రోజు అని శంషాబాద్ వాళ్లకి నేను చెప్పలేను రా. ఉన్నది ఇద్దరు కుర్రాళ్లు." దాంతో "కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వరకు అదే రోజు, మిగతా చోట్ల మర్నాడు" అని మార్చాం. నిజం చెప్పాలంటే మొత్తం ప్రొఫైల్‌లో నాకు బాగా నచ్చిన లైన్ ఇదే. తర్వాత ఫోన్ చేసిన వాళ్లలో ఇద్దరు ఈ లైన్ గురించే అడిగారు. చేయగలిగింది, చేయలేనిది రెండూ రాసేసరికి ఇది నిజంగా పని చేసే మనిషి రాసిందని వాళ్లకి అర్థమైనట్టుంది.

లాప్‌టాప్‌లు రిఫర్బిష్డ్ అని కూడా రాశాం. దీని మీద మా ఇద్దరికీ చిన్న గొడవే అయింది. "సెకండ్‌హ్యాండ్ అని ముందే చెప్తే ఎవరు అడుగుతారు?" అన్నారు బావ. కానీ మెషీన్ చేతికి వచ్చాక ఎలాగూ తెలుస్తుంది కదా. రిఫర్బిష్డ్ అని చెప్పి, బ్యాటరీ టెస్ట్ చేసి ఇస్తాం, ఎస్‌ఎస్‌డీ కొత్తది వేస్తాం అని పక్కనే రాశాం. అలాగే డెల్, లెనోవో లోగోలు బ్యానర్‌లో పెడదామన్నారు, వద్దన్నా. ఆ కంపెనీల ఆథరైజ్డ్ పార్ట్‌నర్ కానప్పుడు లోగో పెడితే అలా అని చెప్పినట్టే అవుతుంది.

"500+ హ్యాపీ క్లయింట్స్" సంగతి

ప్రతి ప్రొఫైల్‌లో ఉంటుంది కదా, మనమూ పెడదాం అన్నారు బావ. సరే, ఇన్‌వాయిస్ పుస్తకాలు తీయండి అన్నా. ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెడితే 2018 నుంచి లాప్‌టాప్‌లు అద్దెకి తీసుకున్న ఆఫీసులు 63. అందులో రెండేళ్ల కన్నా ఎక్కువ ఉన్నవి 19. బావ మొహం చిన్నబోయింది. నాకు మాత్రం ఆ 19 చాలా గొప్పగా అనిపించింది. ఒక చిన్న షాపు దగ్గర 19 ఆఫీసులు రెండేళ్లు దాటి ఉండటం చిన్న విషయం కాదు. అబౌట్‌లో ఆ రెండు నంబర్లే పెట్టాం. ఎవరైనా అడిగితే పుస్తకం తీసి చూపించొచ్చు.

మీ దగ్గర జీఎస్‌టీ నంబర్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ సంగతి కూడా రాయండి. ఆఫీసు వాళ్లకి జీఎస్‌టీ బిల్లు ఇస్తారా లేదా అనేది పెద్ద ప్రశ్న, ఇన్‌పుట్ క్రెడిట్ కావాలి కదా. ఆధార్, పాన్ కాపీలు మాత్రం ఎక్కడా అప్‌లోడ్ చేయకండి. లింక్డ్ఇన్‌లో వెరిఫికేషన్ కోసం ఆధార్ అడిగే పద్ధతి మన దేశంలో ఉంది, డిజిలాకర్ ద్వారా జరుగుతుంది. అది యాప్‌లోని మీ ప్రొఫైల్ నుంచే చేసుకోవాలి. మెసేజ్‌లో ఎవరో పంపిన లింక్ నొక్కి కాదు. పూర్తయితే పేరు పక్కన వెరిఫైడ్ గుర్తు వస్తుంది.

మిగతా సెక్షన్లు

ఎక్స్‌పీరియన్స్‌లో బావ బిజినెస్ అసలు లేనే లేదు. 2018 దగ్గర ఉద్యోగం ఆగిపోయి, అక్కడి నుంచి ఖాళీ. చూసేవాళ్లకి ఈ ఏడేళ్లూ ఖాళీగా ఉన్నాడేమో అనిపిస్తుంది. బిజినెస్‌ని ఎంట్రీగా పెట్టాం. పాత ఉద్యోగం తీసేయలేదు, సపోర్ట్ ఇంజనీర్‌గా చేసిన అనుభవం ఈ బిజినెస్‌కి పనికొచ్చేదే. బిజినెస్ పేరుతో వేరే పర్సనల్ ప్రొఫైల్ మాత్రం చేయకండి, లింక్డ్ఇన్ రూల్స్ ప్రకారం ప్రొఫైల్ మనిషి పేరుతోనే ఉండాలి. బిజినెస్‌కి కంపెనీ పేజీ ఉంటుంది, ఉచితం. దాన్ని ఎక్స్‌పీరియన్స్‌కి లింక్ చేస్తే లోగో కూడా కనిపిస్తుంది.

ప్రొఫైల్ లింక్ చివర వచ్చే అంకెల తోకని కూడా పబ్లిక్ ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో మార్చుకోండి. విజిటింగ్ కార్డు మీద ప్రింట్ చేయించాలంటే నీట్‌గా ఉంటుంది.

చాలామందికి తెలియనిది "ప్రొవైడింగ్ సర్వీసెస్". ప్రొఫైల్‌లో "ఓపెన్ టు" బటన్ నొక్కితే ఉంటుంది. మీరు ఇచ్చే సర్వీసులు లిస్ట్‌లోంచి ఎంచుకుని, ఏ ఊళ్లో ఇస్తారో పెట్టొచ్చు. మీతో కనెక్ట్ కానివాళ్లు కూడా ఫ్రీగా మెసేజ్ చేసే ఆప్షన్ ఇందులో ఉంది. పాత కస్టమర్లని రివ్యూ రాయమని కూడా అక్కడి నుంచే అడగొచ్చు. ఉద్యోగం కోసం పెట్టే ఆకుపచ్చ రింగ్ స్థానంలో బిజినెస్ వాళ్లు పెట్టుకోవాల్సింది ఇదే.

రికమెండేషన్లు వేరు. అవి మీతో కనెక్ట్ అయినవాళ్లే రాయగలరు, రాశాక మీరు చూసి ఓకే చేస్తేనే పేజీలో కనిపిస్తాయి. అడిగేటప్పుడు "నా గురించి రాయండి" అంటే "గుడ్ పర్సన్, హార్డ్ వర్కింగ్" అని వస్తుంది. బావ ఒక సీఏ ఆఫీసు ఓనర్‌కి ఇలా మెసేజ్ పెట్టారు: "సార్, ఐటీ రిటర్న్స్ సీజన్‌లో మీ సర్వర్ పోయినప్పుడు ఆదివారం వచ్చి డేటా తీసిచ్చాను కదా, వీలైతే దాని గురించి రెండు లైన్లు రాయండి." ఆయన ఆరు లైన్లు రాశారు. మీరే రాసి ఫ్రెండ్స్ చేత పెట్టించకండి, చదివితే తెలిసిపోతుంది.

నేను చేసిన రెండో తప్పు

యాప్ మధ్యలో "మీ కాంటాక్ట్స్ సింక్ చేయండి" అని అడుగుతుంది. బావ ఫోన్‌లో నేనే ఓకే కొట్టా, తర్వాత వచ్చిన స్క్రీన్‌లో అందరికీ ఇన్విటేషన్ పంపే బటన్ చూసుకోకుండా నొక్కేశా. ఫోన్‌బుక్‌లో ఉన్న అందరికీ వెళ్లింది. గ్యాస్ సిలిండర్ కుర్రాడికి, పిల్లల స్కూల్ వ్యాన్ డ్రైవర్‌కి, డిపాజిట్ విషయంలో బావతో గొడవపడి వెళ్లిపోయిన పాత కస్టమర్‌కి కూడా. ఆయన ఫోన్ చేసి, "ఇప్పుడు గుర్తొచ్చానా?" అన్నారట. బావ ఆ రోజు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సింక్ అడిగితే స్కిప్ చేయండి. చేసేసి ఉంటే సెట్టింగ్స్‌లో సింక్ చేసిన కాంటాక్ట్స్ తీసేయొచ్చు, పంపిన ఇన్విటేషన్లు కూడా "సెంట్" లిస్ట్‌లోకి వెళ్లి వెనక్కి తీసుకోవచ్చు.

కనెక్షన్లు ఒక్కొక్కటిగా పెంచుకోవడమే మేలు. ఫ్రీ అకౌంట్‌తో రిక్వెస్ట్‌కి సొంత నోట్ జోడించే అవకాశం నెలకి కొన్నిసార్లే ఉంటుంది. వాటిని నిజంగా కావాల్సిన వాళ్లకే వాడండి. నోట్‌లో రేట్లు రాయకండి.

పోస్టులు: విండోస్ 10 మాకు చేసిన సాయం

రోజూ పోస్ట్ పెట్టాలని చెప్పేవాళ్లు ఉంటారు. షాపు నడిపేవాడికి అది కుదరని పని. నెలకి రెండు చాలు, కానీ కస్టమర్‌కి పనికొచ్చేది అయ్యుండాలి.

సెప్టెంబర్‌లో బావ పెట్టిన పోస్ట్ ఒకటి చెప్తా. అక్టోబర్ 14, 2025తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ అయిపోయింది. ఆ తేదీ దగ్గరపడుతున్నా చాలా చిన్న ఆఫీసులకి తమ లాప్‌టాప్‌లలో ఏవి విండోస్ 11కి పనికొస్తాయో తెలియదు. అధికారికంగా అయితే ఇంటెల్‌లో 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 కావాలి. బావ పోస్ట్‌లో ఇదే చెప్పారు. సెట్టింగ్స్‌లో "సిస్టమ్", దాంట్లో "అబౌట్" తెరిచి ప్రాసెసర్ పేరు చూడండి, ఐ5 పక్కన నాలుగంకెల నంబర్ 8తో మొదలైతే 8వ జనరేషన్, 7తో మొదలైతే 7వది. థింక్‌ప్యాడ్ టీ470 అయితే పాత జనరేషన్, టీ480లో ఎక్కువగా 8వది ఉంటుంది కానీ కొన్నింట్లో 7వది కూడా వస్తుంది, చూసే కొనండి. అంతే పోస్ట్. చివర్లో "మాకు ఫోన్ చేయండి" అని కూడా లేదు. పక్కన టీ480 మూత తీసి పెట్టిన ఫొటో ఒకటి, నా ఫోన్‌తోనే తీసింది.

దానికి లైకులు 40 కూడా రాలేదు. కానీ దాన్ని చూసి ముగ్గురు మెసేజ్ చేశారు, అందులో ఒక ఆఫీస్ 14 లాప్‌టాప్‌లు తీసుకుంది. ఆ పోస్ట్‌ని "ఫీచర్డ్" సెక్షన్‌లో పెట్టాం, ప్రొఫైల్‌కి వచ్చిన వాళ్లకి పైనే కనిపిస్తుంది.

ప్రీమియం తీసుకోవాలా?

నా లెక్కలో చిన్న బిజినెస్‌కి మొదట్లో అక్కర్లేదు. ప్రొఫైల్ ఎవరు చూశారో ఫుల్ లిస్ట్, కనెక్ట్ కానివాళ్లకి మెసేజ్ పంపే క్రెడిట్స్ వస్తాయి. పైన చెప్పినవన్నీ ఫ్రీ అకౌంట్‌తోనే చేశాం. ప్రొఫైల్ సరిగ్గా లేకుండా ప్రీమియం కొంటే, పాత రింగ్‌ని ఇంకా ఎక్కువమందికి చూపించడానికి డబ్బు కట్టినట్టు.

ఇక రిజల్ట్ అడుగుతారు కదా. ఐదు నెలల్లో లింక్డ్ఇన్ వైపు నుంచి వచ్చిన ఆర్డర్లు రెండు, మొత్తం 20 లాప్‌టాప్‌లు. వెనక గదిలో ఇంకా సగం పెట్టెలు అలాగే ఉన్నాయి. ఈఎంఐకి అక్క గోల్డ్ లోన్ పెట్టాల్సిన అవసరం మాత్రం రాలేదు. మాదాపూర్ స్టార్టప్ వేరే వాళ్ల దగ్గర తీసేసుకుంది, కానీ ఆ అడ్మిన్ మేడమ్ బావ రిక్వెస్ట్ యాక్సెప్ట్ చేశారు, వాళ్ల అగ్రిమెంట్ ఏడాదికేనట.

నిన్న బావ మళ్లీ ఫోన్ చేశారు. "ఒరేయ్, ఆ బ్యానర్‌లో రెండో నంబర్ తీసేయ్. ఆ సిమ్ ఇప్పుడు మీ అక్క వాడుతోంది. పొద్దున్నే ఎవరో ఫోన్ చేసి పది లాప్‌టాప్‌లకి కొటేషన్ అడిగితే, రేటు కూడా చెప్పేసిందంట."